పాత్ర వెడల్పు, బోరాన్ పలక

1999 సెప్టెంబర్ 30, ఉదయం 10:35. జపాన్‌లోని టోకైమురాలో జేసీఓ కంపెనీ ఇంధన కర్మాగారం. కార్మికులు స్టీలు బకెట్‌లో యురేనియాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆ నైట్రేట్ ద్రావణాన్ని గరాటు పెట్టి ఒక అవక్షేపణ ట్యాంకులో (ద్రావణంలోని పదార్థాన్ని గట్టిపరచి అడుక్కి దింపే ట్యాంకు) పోస్తున్నారు. ఆ యురేనియంలో తేలిగ్గా చీలే రకం, అంటే 235 ఐసోటోపు, వాటా 18.8 శాతం. ట్యాంకులో ఒక విడతకు 2.4 కిలోల యురేనియమే ఉండాలన్నది పరిమితి. ఏడో విడత పోసేసరికి లోపల సుమారు 16.6 కిలోలు చేరింది. నీలి కాంతి మెరిసింది, రేడియేషన్ అలారాలు మోగాయి. గొలుసుకట్టు విచ్ఛిత్తి మొదలైపోయింది, అంటే ఒక యురేనియం కేంద్రకం చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు మరిన్ని కేంద్రకాలను చీలుస్తూ పోవడం. తీవ్రంగా రేడియేషన్ సోకిన ముగ్గురిలో ఇద్దరు తర్వాతి నెలల్లో చనిపోయారు.

నిజానికి ఆ ద్రావణం వెళ్ళాల్సింది 17.5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సన్నటి, పొడవాటి పాత్రలోకి. పోసిన ట్యాంకు వ్యాసం 45 సెంటీమీటర్లు. వేడన్నం పళ్ళెంలో పరిస్తే చప్పున చల్లారుతుంది, గిన్నెలో కుప్పగా ఉంటే వేడి లోపలే నిలుస్తుంది. న్యూట్రాన్ల సంగతీ అంతే. సన్నటి పాత్రలో అవి గోడల గుండా బయటికి పోతాయి, వెడల్పాటి పాత్రలో మరో యురేనియం కేంద్రకాన్ని తాకే దాకా లోపలే తిరుగుతాయి. అందుకే ఇంధన కర్మాగారాల్లో సన్న పాత్రలు, పలుచటి ట్యాంకులు వాడతారు. నేల తుడిచిన నీళ్ళు పట్టే బకెట్ ఎంత ఉండాలో, కారిన ద్రావణం చేరే గుంట ఎంత లోతుండాలో కూడా ముందే లెక్కగట్టి పెడతారు.

రెండో ముద్దాయి నీరు. నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల వేగం తగ్గిస్తుంది, మెల్లగా కదిలే న్యూట్రానే యురేనియం-235ని తేలిగ్గా చీలుస్తుంది. టోకైమురా ట్యాంకు చుట్టూ చల్లబరిచే నీటి తొడుగు ఉంది. బయటికి పోయే న్యూట్రాన్లను అది వెనక్కి తిప్పింది. చర్య దాదాపు 20 గంటలు సాగింది. సిబ్బంది వంతులవారీగా కొద్ది నిమిషాల చొప్పున వెళ్ళి ఆ తొడుగులోని నీటిని ఖాళీ చేశాకే అది ఆగింది. మళ్ళీ రాజుకోకుండా ట్యాంకులో బోరిక్ ఆమ్లం పోశారు.

ఎందుకు బోరాన్? దాని బోరాన్-10 ఐసోటోపు న్యూట్రాన్‌ను మింగి లిథియం, హీలియంగా విడిపోతుంది. కొత్త న్యూట్రాన్ పుట్టదు. అయితే సహజ బోరాన్‌లో ఈ ఐసోటోపు 20 శాతమే. అందుకే న్యూట్రాన్లను మింగే రక్షణ పలక కొనేటప్పుడు మొత్తం బోరాన్ ఎంతని కాకుండా, ఒక్కో చదరపు సెంటీమీటరుకు బోరాన్-10 ఎన్ని గ్రాములని చూస్తారు. కాడ్మియం నిదాన న్యూట్రాన్లను అద్భుతంగా పట్టేస్తుంది, కానీ సుమారు 0.5 ఎలక్ట్రాన్‌ వోల్టు శక్తి దాటిన వాటిని చాలామటుకు వదిలేస్తుంది. పైగా 321 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. గాడోలినియం అన్నిటికంటే ఆకలి గలది. దాన్ని ఇంధన బిళ్ళలోనే కలిపితే, తాజా ఇంధనపు అదనపు శక్తిని అణచిపెట్టి, ఇంధనంతో పాటే తరిగిపోతుంది.

న్యూట్రాన్లను మింగే మరో లోహం హాఫ్నియం, దాని కథ హైదరాబాద్‌కు దగ్గరిది. అక్కడి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధన గొట్టాలకు జిర్కోనియం మిశ్రలోహం వాడతారు, ఎందుకంటే జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపు ముట్టుకోదు. దానికి ముడి సరుకు సముద్రపు ఇసుకలోని జిర్కాన్. ప్రకృతిలో జిర్కోనియం వెంట బరువులో సుమారు 2 శాతం (పరమాణువుల లెక్కలో దాదాపు 1 శాతం) హాఫ్నియం అంటిపెట్టుకుని వస్తుంది, న్యూట్రాన్లను మింగడంలో దాని ఒక్కో పరమాణువు జిర్కోనియం పరమాణువుకు 560 రెట్లు. ఆ 2 శాతాన్ని అలాగే వదిలితే గొట్టం మింగే న్యూట్రాన్లు దాదాపు ఏడు రెట్లవుతాయి. రసాయన గుణాల్లో రెండూ కవలలు కాబట్టి విడదీయడం చాలా కష్టం. నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ ద్రావణితో దశలవారీగా జిర్కోనియంను లాగేసి, హాఫ్నియంను పది లక్షల్లో 100 భాగాల లోపుకు దించుతారు. గొట్టంలో దోషమైన ఈ లోహమే కొన్ని రియాక్టర్ల నియంత్రణ కడ్డీలో మంచి పనిముట్టు.

వాడిన ఇంధనాన్ని నీటి కొలనుల్లో, అరలున్న ర్యాకుల్లో నిలబెడతారు. అరల మధ్య బోరాన్ కార్బైడ్ పలకలుంటాయి. కొన్ని ర్యాకుల్లో పలకల నడుమ కావాలనే నీటి సందు వదులుతారు. వేగంగా వచ్చిన న్యూట్రాన్ ఆ నీటిలో నెమ్మదించి, అవతలి పలకకు చిక్కుతుంది. సందు తగ్గితే పలక బలమూ తగ్గుతుంది. ఒక తరం న్యూట్రాన్లు 100 అనుకుంటే తర్వాతి తరం 95 దాటకూడదన్నది సాధారణ హద్దు.

అమెరికాలో కొన్ని కొలనుల్లో బోరాఫ్లెక్స్ అనే సిలికాన్ రబ్బరు లాంటి పలకలు పెట్టారు, అందులో బోరాన్ కార్బైడ్ పొడి కలిపి ఉంటుంది. ఇంధనం నుంచి వచ్చే గామా కిరణాలకు అవి కుంచించుకుపోయి, చీలి, ఖాళీలు ఏర్పడ్డాయి. తర్వాత వాటిలోని సిలికా మెల్లగా నీటిలో కరగడం మొదలైంది, దానితో పాటు బోరాన్ పొడీ జారిపోయింది. ర్యాకు పైకి చెక్కుచెదరకుండానే కనిపిస్తుంది! 1996లో అక్కడి అణు నియంత్రణ సంస్థ దీనిపై విద్యుత్ కేంద్రాలన్నిటికీ లేఖ రాయాల్సి వచ్చింది. అల్యూమినియం రేకుల మధ్య బోరాన్ కార్బైడ్ నింపిన బోరల్ పలకలు దీనికన్నా మెరుగే. అయితే లోపల చేరిన నీటి వల్ల రేకు బొబ్బలెక్కుతుంది. ఆ బొబ్బ మొదట తినేది నీటి సందునే.

అందుకే పలక తయారైన రోజునే అదే సరుకుతో చిన్న ముక్కలు కోసి, కొలనులో ఇంధనం పక్కన వేలాడదీస్తారు. కొన్నేళ్ళకోసారి ఒకటి తీసి, ఆరబెట్టి, తూచి, మందం కొలిచి, న్యూట్రాన్ పుంజానికి అడ్డుపెట్టి అవతలికి ఎన్ని దాటాయో లెక్కిస్తారు. మొదటి రోజు కంటే ఎక్కువ దాటితే, ఆ ర్యాకులో ఏ అరలు ఖాళీగా వదలాలో మళ్ళీ లెక్క వేస్తారు.