వేటచేపలను పెంచాలనుకునే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో గాజుతొట్టి పెట్టి అందులో ఆస్కార్‌నో, పిరానానో, ఫ్లవర్‌హార్న్‌నో పెంచాలని మీలో చాలామందికి ఉబలాటంగా ఉంటుందని నాకు తెలుసు. ఆ కోరికను నేను తప్పు పట్టను. రంగురంగుల చిన్న చేపలు గుంపుగా తిరుగుతుంటే చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గాని, తనకు మేత వేసే మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరికి వచ్చి నిలబడే చేపను పెంచడంలోని ఆనందం వేరు. అయితే ఈ చేపల విషయంలో పెద్దవాళ్లు కూడా తరచుగా కలగాపులగం చేసే సంగతులు రెండున్నాయి. వేటాడడం ఒకటి, పోట్లాడడం మరొకటి. వీటి కారణాలు వేరు, లక్షణాలు వేరు, వీటికోసం మనం చేయవలసిన ఏర్పాట్లూ వేరు. తొట్టిలో జరిగే అనర్థాలలో చాలావాటికి ఈ తేడా తెలియకపోవడమే మూలం కాబట్టి ముందుగా దాని గురించే రాస్తున్నాను.

వేటాడే చేపకు ఎర మీద కోపం ఉండదు, మనకు కంచంలోని అన్నం మీద కోపం లేనట్లే. అందువల్ల వేటలో చప్పుడూ ఉండదు, ఆర్భాటమూ ఉండదు. అమెజాన్ ప్రాంతపు ఆకుచేపను చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. అది తల కిందికి వంచి, ఎండిపోయిన ఆకు నీటిలో కొట్టుకుపోతున్నట్లు ఒరిగి, దాదాపు పారదర్శకంగా ఉండే రెక్కలను మాత్రం సన్నగా ఆడిస్తూ ఎర వైపు జరుగుతుంది. అంత చిన్న ముఖంలోంచి దవడలు గొట్టంలా ముందుకు సాగి, నోరు హఠాత్తుగా తెరుచుకోవడంతో అక్కడి నీటితోపాటు ఎర కూడా లోపలికి కొట్టుకుపోతుంది. రెప్ప వేసి తెరిచే లోపల అంతా అయిపోతుంది, ఆకు మళ్లీ ఆకులాగే ఉంటుంది.

వేటచేపలలో చాలావరకు ఎరను కొరికి ముక్కలు చేయవు, ఇలాగే ఒక్క గుక్కలో మింగేస్తాయి. కాబట్టి వాటి పక్కన ఏ చేపను ఉంచవచ్చు అనే ప్రశ్నకు మొదటి జవాబు స్వభావంలో కాదు, నోటి కొలతలో ఉంది. నోటిలో పట్టేది ఎర, పట్టనిది పొరుగు. పోలిప్టెరస్ అనే పాములాంటి చేపను అమ్మేవాళ్లు సాధుజంతువని చెబుతారు. అది అబద్ధం కాదు, తనకంటే పెద్ద చేపల జోలికి అది సాధారణంగా పోదు. కాని చూపు మందమైన ఆ చేప రాత్రిపూట వాసన పట్టుకుని అడుగున తిరుగుతూ, నిద్రపోతున్న చిన్న టెట్రా చేపలను ఒక్కొక్కటిగా మింగుతుంది. తెల్లవారాక తొట్టిలో రక్తమూ ఉండదు, చిరిగిన రెక్కలూ ఉండవు, లెక్క మాత్రం తగ్గి ఉంటుంది. మరొక ప్రమాదం కూడా ఉంది. కోరిడోరస్ వంటి చిన్న వాలుగ జాతి చేపలు ఆపదలో తమ రెక్కల ముళ్లను నిటారుగా బిగిస్తాయి. వాటిని మింగబోయిన పెద్ద చేప గొంతులో ఆ ముళ్లు దిగబడితే రెండు చేపలూ చనిపోతాయి.

పోట్లాట తీరు దీనికి పూర్తిగా భిన్నం. అందులో ఉన్నదంతా ఆర్భాటమే. సిక్లిడ్ అనే కుటుంబపు చేపలు (ఆస్కార్ ఈ కుటుంబానిదే) రెండు ఎదురుపడినప్పుడు మొదట రంగు చిక్కబరుస్తాయి, తరువాత రెక్కలన్నీ విప్పి పక్కకు తిరిగి తమ శరీరం ఎంత పెద్దదో చూపించుకుంటాయి, మొప్పల మూతలను గొడుగులా తెరుస్తాయి, తోకతో నీటిని ఎదుటిదాని మీదికి కొడతాయి. ఇవేవీ పనిచేయకపోతేనే పెదవులతో పెదవులు పట్టుకుని తోసుకుంటాయి. ఈ తతంగమంతా నిజమైన దెబ్బలు తగలకముందే గెలుపోటములు తేల్చుకోవడానికి ఏర్పడింది. బలహీనమైనది రెక్కలు ముడిచి, రంగు వెలిసి, అక్కడి నుంచి తప్పుకుంటుంది. వాగులోనో సరస్సులోనో అయితే అంతటితో కథ ముగుస్తుంది. తొట్టిలో తప్పుకోవడానికి చోటు లేదు. ఓడిన చేప ఇంకా తన ఎదురుగానే కనిపిస్తున్నది కాబట్టి గెలిచిన చేప దృష్టిలో పోట్లాట ఇంకా ముగియలేదు. తొట్టిలో ఒక చేప మరొకదాన్ని చంపేంత దాకా తరమడానికి దాని క్రూరత్వం కన్నా మన గాజుగోడలే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఈ పోట్లాట దేనికోసం? చాలాసార్లు చోటు కోసం, గుడ్ల కోసం. నికో టింబర్గెన్ అనే డచ్ శాస్త్రవేత్త స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల మీద పరిశోధన చేశారు. జతకట్టే కాలంలో మగ స్టికిల్‌బ్యాక్ పొట్ట ఎర్రబడుతుంది, గూడు కట్టుకున్న చోటికి ఎర్రపొట్ట ఉన్న మరో మగచేప వస్తే అది తరిమికొడుతుంది. చేప ఆకారం సరిగా లేని బొమ్మ అయినా సరే, కింది భాగం ఎర్రగా ఉంటే చాలు, దాని మీదికి దూకుతుందని ఆయన గమనించారు. కిటికీ అవతల ఎర్రటి తపాలా బండి వెళ్తుంటే తొట్టిలోని మగచేపలు దాని వైపు తిరిగి కయ్యానికి సిద్ధపడ్డాయని కూడా ఆయన రాశారు. జంతు ప్రవర్తనపై చేసిన కృషికి ఆయనకు 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తపాలా బండిని ఏ చేపా తినాలనుకోలేదని వేరే చెప్పనక్కరలేదు కదా.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఆఫ్రికాలోని మలావి సరస్సులో ఉంది. అక్కడి రాళ్ల మధ్య బతికే ఎంబునా అనే సిక్లిడ్‌లలో చాలావాటి ముఖ్యాహారం రాళ్ల మీది నాచు. అయినా అక్వేరియం చేపలలో అంత జగడాలమారి చేపలు అరుదు. దీనికి ఎదురుగా పిరానాను పెట్టి చూడండి. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1913–14లో బ్రెజిల్ అడవులలో యాత్ర చేసి, తన రచనలో పిరానాను ప్రపంచంలోకెల్లా భయంకరమైన చేపగా వర్ణించాక దాని పేరు భయానికి మారుపేరైపోయింది. తొట్టిలో ఎర్రపొట్ట పిరానాలను చూసినవాళ్లకు మాత్రం అవి మనిషి నీడ పడగానే మూలకు చేరే పిరికి చేపలని తెలుసు. అవి గుంపుగా తిరగడం కూడా కలిసి వేటాడడానికి కాదని, నదీ డాల్ఫిన్లు, కైమన్లనే మొసలి జాతి జంతువులు, నీటికాకుల వంటి శత్రువుల నుంచి కాపాడుకోవడానికని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి. వాటి పళ్లు పదునైనవి కావనడం లేదు, ఆకలిగా ఉన్నప్పుడు పక్క చేప తోకను కూడా అవి కొరికి తింటాయి.

తేడా తెలిసింది కాబట్టి ఏర్పాట్ల సంగతికి వస్తాను. వేటకు విరుగుడు కొలత అన్నాను. ఆ కొలత రోజురోజుకూ మారుతుందని మరిచిపోకండి. దుకాణంలో 5 సెంటీమీటర్లున్న ఆస్కార్ పిల్ల ఏడాది తిరిగేసరికి 20 సెంటీమీటర్లు దాటిపోతుంది, పూర్తిగా ఎదిగితే 30 దాకా వస్తుంది, శ్రద్ధగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. నిరుడు పక్కపక్కనే ఈదిన చేప ఈ ఏడు దానికి భోజనం కావచ్చు. తొట్టి చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుందని కొందరు ధీమాగా చెబుతారు. అలా ఉండిపోయే చేప రోగిష్ఠి చేప, అంతకు మించి అందులో మర్మమేమీ లేదు. ఎర్రతోక వాలుగ, ఎలిగేటర్ గార్ అనే రెండు చేపల పిల్లలను కూడా దుకాణాలలో అమ్ముతుంటారు. మొదటిది మీటరు పైన పెరుగుతుంది, రెండోది రెండు మీటర్లు దాటగలదు. వాటికి సరిపడే తొట్టి ఏ ఇంటిలోనూ ఉండదు కాబట్టి ఎంత ముద్దుగా కనిపించినా వాటిని తెచ్చుకోవద్దనే చెబుతాను.

ఒక్క ఆస్కార్‌కు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న తొట్టి కావాలి. అందులో పట్టే నీరు 270 లీటర్లు, అంటే గాజునూ రాళ్లనూ లెక్కలోకి తీసుకోకుండానే 270 కిలోల బరువు. మామూలు బల్ల ఆ బరువును మోయలేదు. ఎత్తు కంటే అడుగు వైశాల్యమే ముఖ్యం, ఎందుకంటే ఈ చేపలు పంచుకునేది నేలను. అరోవానా విషయంలో బరువైన మూత తప్పనిసరి. అడవిలో నీటి పైకి వంగిన కొమ్మల మీది పురుగులను ఎగిరి పట్టుకునే చేప అది. చీకటిలో చిన్న చప్పుడుకు బెదిరినా ఎగిరి నేల మీద పడుతుంది. కొర్రమీను జాతి చేపలకూ మూత కావాలి గాని నీటికీ మూతకూ మధ్య కొంత ఖాళీ వదలాలి. అవి పైకి వచ్చి గాలి పీల్చుకోకపోతే నీటిలోనే ఊపిరాడక చనిపోతాయి.

పోట్లాటకు విరుగుడు చూపును అడ్డుకోవడం. పెద్ద రాళ్లు, నానబెట్టిన చెక్కదుంగలు, మట్టికుండల పెంకులు ఒక చివర నుంచి మరో చివర కనిపించకుండా అమర్చితే, ఓడిన చేప ఒక మలుపు తిరగగానే గెలిచిన చేప కంటికి కనిపించకుండా పోతుంది. రాళ్లను ఇసుక మీద కాక నేరుగా తొట్టి అడుగున ఆనించాలి, లేకపోతే సిక్లిడ్‌లు ఇసుక తవ్వి వాటిని కూల్చుతాయి. కొత్త చేపను వదిలే రోజున పాత అమరికను మొత్తం మార్చేయడం మంచి పద్ధతి. అప్పుడు పాత చేపలకు తమదని చెప్పుకునే చోటు ఉండదు, అందరూ కొత్తవాళ్లే అవుతారు. ఇంత చేసినా రోజంతా ఒక చేప మూలనే నక్కి, రెక్కలు చిరిగి, మేతకు రాకపోతే ఆలోచించకుండా దాన్ని వేరుచేయండి. ఫ్లవర్‌హార్న్‌నైతే మొదటి నుంచీ ఒంటరిగానే ఉంచాలి. అది అడవిలో పుట్టిన చేప కాదు, మనుషులు వేర్వేరు సిక్లిడ్‌లను కలిపి తయారుచేసిన సంకరజాతి. దాని నుదుటి బొడిపెను మెచ్చుకునేవాళ్లు అది తన ప్రతిబింబం మీదికి కూడా యుద్ధానికి పోతుందని గుర్తుంచుకోవాలి.

మేత గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను తొట్టిలో పడేసి, చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు. నచ్చకపోవడం అటుంచితే అది పెంచే చేపకూ మంచిది కాదు. ఎర కోసం ఇరుకు తొట్లలో కుక్కి అమ్మే చేపలు రోగాలనూ పరాన్నజీవులనూ మోసుకొస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ మాంసంలో ఉండే థయామినేజ్ అనే పదార్థం బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, అదే పనిగా వాటినే తిన్న చేప క్రమంగా నరాల పట్టు తప్పి కుంటుపడుతుంది. వేటచేపకు కావలసింది మాంసకృత్తులే గాని ఎదుటి ప్రాణి పారిపోవడం కాదు. మంచి గుళికల మేత, రొయ్యలు, చేపముక్కలు, వానపాములు సరిపోతాయి. కోడి, గొడ్డు మాంసాల కొవ్వు వాటికి అరగదు. చిన్న చేపకు రోజూ రెండు పూటలు, ఎదిగినదానికి రోజు విడిచి రోజు వేసినా చాలు.

ఆస్కార్ రొయ్యను తినేటప్పుడు దగ్గరగా కూర్చుని చూడండి. నోటి దవడలు పట్టుకుంటాయి, గొంతులో ఉండే రెండో జత దవడలు నములుతాయి. నములుతున్నంతసేపూ మొప్పల కింద నుంచి తుంపులు పొగలా బయటికి వస్తుంటాయి. చూడడానికి తమాషాగా ఉండే ఆ పొగే తరువాత మీ తలనొప్పి అవుతుంది. కుళ్లిన తుంపులు, చేప మొప్పల నుంచి వెలువడే వ్యర్థం కలిసి నీటిలో అమ్మోనియా చేరుతుంది, అది చేపకు విషం. ఫిల్టర్‌లో స్థిరపడే ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది కొంతవరకు భరించదగినది. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి తొట్టి కొన్న రోజునే చేపను కొనకూడదు. తరువాత కూడా వారానికి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచే మందు కలిపి పోయాలి, ఫిల్టర్ స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగితే అన్ని వారాలు పెరిగిన బ్యాక్టీరియా ఒక్క నిమిషంలో పోతుంది.

చేపను ఇక పెంచలేమనిపించినప్పుడు చెరువులోనో కాలువలోనో వదలడం దయ అనుకునేవాళ్లున్నారు. పసిఫిక్, హిందూ మహాసముద్రాలకు చెందిన లయన్‌ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనిపించింది. అక్వేరియంల నుంచే అది అక్కడికి చేరిందని నిపుణుల నమ్మకం. దాన్ని తినే శత్రువులు అక్కడ లేకపోవడం వల్లా, ఒక్క ఆడచేప ఏడాదికి 20 లక్షల దాకా గుడ్లు పెట్టగలగడం వల్లా అది కరీబియన్ సముద్రమంతా పాకి పగడపు దిబ్బల మీది చిన్న చేపలను ఊడ్చివేస్తున్నది. కాబట్టి పెద్ద తొట్టి ఉన్న మరో పెంపకందారుకు ఇవ్వండి, లేదా కొన్న దుకాణాన్నే తిరిగి తీసుకోమని అడగండి. ఆ హామీ కొనేముందే తీసుకుంటే మరీ మంచిది.

ఇక తొట్టిలో చెయ్యి పెట్టవచ్చా అని అడుగుతారు. ముందుగా హీటర్, ఫిల్టర్ల కరెంటు ఆపండి. ఆస్కార్ కరిచినా గీరుకుపోయినంత నొప్పే, కాని గుడ్లు కాపాడుతున్న జంట ఉంటే ఆ వారం తొట్టి జోలికి పోకండి. పిరానా ఉన్న తొట్టిని పెద్దవాళ్లే శుభ్రం చేయాలి. వలలో చిక్కిన పిరానా పిరికిది కాదు, వేలిని లోతుగా కోస్తుంది. లయన్‌ఫిష్ వెన్నుముళ్లలో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడినీటిలో చేతిని ముంచి ఉంచి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఏ చేపకైనా మేత వేళ్లతో కాకుండా పొడవాటి పటకారుతో అందించడం అలవాటు చేసుకోండి.

మీ
తాతయ్య