చీకట్లో ముద్ద దారి

బుజ్జికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు మీరొచ్చినప్పుడు రాత్రి భోజనాల మధ్యలో కరెంటు పోయింది, గుర్తుందా? నాయనమ్మ కొవ్వొత్తి వెతికి తెచ్చేలోపు బుజ్జి నాలుగు ముద్దలు తినేసింది. "తాతయ్యా, ఏమీ కనబడట్లేదుగా, ముద్ద నోట్లోకే ఎలా వెళ్తోంది?" అంది. ఆ జవాబు బాకీ ఉండిపోయింది.

కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం అని బళ్లో ఐదు చెప్పి ఉంటారు. మన చెయ్యి ఎక్కడుందో, మోచెయ్యి ఎంత వంగిందో చెప్పేది ఇంకొకటుంది.

నా చిన్నప్పుడు మా పెరట్లో బావి ఉండేది. మా నాయనమ్మ తెల్లారకముందే నీళ్లు తోడేది. నేను గట్టు మీద నుంచి తొంగి చూస్తే అంతా నలుపే. "తాడు చెబుతుందిరా, చూడక్కర్లా" అనేది. చేద నీళ్లను తాకగానే తాడు వదులయ్యేది. చేద ఒరిగి తేలుతుంటే తాడుతో ఒక్క విసురు విసరాలి, బుడబుడమని మునిగేది. పైకి లాగుతుంటే నిండిందో, సగమే ఉందో అరచేతికే తెలిసిపోయేది. గిలక కిర్రుమనే ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

మీ ఒంట్లోనూ అలాంటి తాళ్లే ఉన్నాయి. కండరాల్లో కదురు ఆకారంలో సన్నటి పోగుల కట్టలుంటాయి. కండరం సాగితే అవీ సాగి, ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగిందో నరాల మీదుగా వెన్నుపాముకూ మెదడుకూ కబురు పంపుతాయి. మా నాయనమ్మ తోడింది ఒక్క చేద. మీ చేతిలో ఇలాంటి తాళ్లు ఎన్నో ఒకేసారి కబుర్లు చెబుతుంటాయి, మీరు నిద్రపోయినా వాటి కొసలు ఊడవు. ఆ సాగుడును పసిగట్టే ప్రోటీన్ పేరు పీజో2. దాన్ని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మిరపకాయ మంట సాయంతో ఒంటికి వేడి ఎలా తెలుస్తుందో తేల్చిన డేవిడ్ జూలియస్‌తో కలిపి ఇచ్చారు.

కాలికి తిమ్మిరెక్కినప్పుడు పాదం ఎక్కడ పడుతోందో తెలియక తడబడతారు చూడండి, అప్పుడు కబుర్లు సరిగ్గా అందట్లేదన్నమాట. ఇంత నమ్మకంగా పనిచేసే చేతికి అన్నం తినేటప్పుడైనా ఫోను అడ్డం పెట్టకండమ్మా.

చిన్నోడా, ఎడమ చెయ్యి తల వెనక పెట్టి, కళ్లు మూసుకుని, కుడి చూపుడువేలితో ఎడమ బొటనవేలి కొన ముట్టుకో. బుజ్జీ, వాడు కళ్లు తెరవకుండా చూడు. ఎన్నో సారికి తగిలిందో నాకు రాయండి.

మీ తాతయ్య