తకయాసు ఆర్టెరైటిస్ స్కాన్లు: అపోహలు - వాస్తవాలు

నేను రేడియాలజిస్టుని. పెద్ద రక్తనాళాల గోడలకి వాపు వచ్చే ఈ జబ్బు మన దగ్గర ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లలో చూస్తాం. 1908లో మొదట చెప్పింది జపాన్ కంటి డాక్టర్ తకయాసు, ఆ పేరే ఉండిపోయింది.

అపోహ: యాంజియోగ్రామ్ నార్మల్, ఇక భయం లేదు.

క్యాథెటర్ పెట్టి చేసే యాంజియోగ్రామ్‌లో రక్తం పారే దారే కనపడుద్ది, గోడ కనపడదు. ఈ జబ్బు మొదలయ్యేది గోడలోనే, ముందు గోడ మందమవుద్ది, దారి సన్నబడేది తర్వాతెప్పుడో. మొన్నామధ్య ఒకమ్మాయి వచ్చింది, 24 ఏళ్లు, జడ వేసుకుంటుంటే ఎడమ చెయ్యి లాగేసి మధ్యలోనే దించేయాల్సి వస్తోందట, ఆ చేతికి బీపీ రాకపోతే మెషిన్ పాడైందనుకుని కుడి చేతికి చూసి పంపేశారట. మెడ మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టగానే కరోటిడ్ (మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడలోని నాళం) గోడ చుట్టూతా ఒకే మందంతో, పొడుగునా బూడిద రంగులో కనపడింది, దీన్నే మేం మాకరోనీ సైన్ అంటాం. కొలెస్ట్రాల్ పేరుకుంటే అలా ఉండదు, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంటుంది, సున్నం పట్టిన చోట తెల్లగా మెరుస్తుంది.

అపోహ: డాప్లర్ (రక్తనాళాల అల్ట్రాసౌండ్) ఒక్కటి చాలు.

మెడకి, చేతులకి బాగుంటుంది కానీ ఛాతీలో అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, ఎముకల వెనక, ఊపిరితిత్తుల గాలి వెనక ఉంటుంది, అక్కడికి సరిగా అందదు. అందుకే ఎంఆర్ఐ. సీటీ కూడా గోడని బాగానే చూపిస్తుంది, త్వరగా అయిపోద్ది కూడా, కానీ చిన్న వయసు, ఏళ్ల తరబడి స్కాన్లు పడతాయి, అంత రేడియేషన్ ఎందుకని నా బాధ.

అపోహ: ఈఎస్ఆర్, సీఆర్పీ (వాపుని చూపించే రక్త పరీక్షలు) నార్మల్ అంటే జబ్బు తగ్గినట్టే.

కాదండీ. రక్తం రిపోర్టు బాగున్నా గోడలో వాపు నడుస్తూ ఉండొచ్చు.

అపోహ: పెట్ స్కాన్ క్యాన్సర్‌కే, దీనికైతే ఎప్పుడు చేసినా ఒకటే.

వాపు ఉన్న గోడ గ్లూకోజ్‌ని ఎక్కువ లాక్కుంటుంది, పెట్‌లో అదే వెలుగుతుంది. స్టెరాయిడ్ మొదలెడితే ఆ వెలుగు తగ్గిపోద్ది కాబట్టి మందుకి ముందే, లేదా మొదటి మూడు రోజుల్లో చేయాలి. అయితే యాభై దాటినవాళ్లకి వచ్చే ఇలాంటి ఇంకో రక్తనాళాల వాపు జబ్బు, జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌లో చూపు పోయే ప్రమాదం ఉంది, అక్కడ స్కాన్ కోసం మందు ఆపొద్దు.

అపోహ: బ్లాక్ ఉంది కదా, స్టెంట్ వేస్తే సరి.

ఆ అమ్మాయి వాళ్లమ్మ అడిగిన మొదటి మాటే ఇది. వాపు మండుతున్నప్పుడు స్టెంట్ వేస్తే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ, అందుకే ముందు వాపుకి మందులిచ్చే రుమటాలజిస్టు దగ్గరికి పంపాను.

ఇంకోటి, పాత స్కాన్ సీడీలు పారేయకండి దయచేసి, రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే గోడ మందం తగ్గిందో పెరిగిందో నేను పక్కపక్కన పెట్టి చూడలేను.