ఏప్రిల్ 6 నాటి అనుమతి పత్రం: ఉగ్రవాద కేసుల అప్పీళ్ల వెనుక కథ

మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై గడ్చిరోలి సెషన్స్ కోర్టు ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా మీద అభియోగాలు నమోదు చేసింది 2015 ఫిబ్రవరి 21న. ఆయన మీద ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద కేసు నడపడానికి మహారాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది అదే ఏడాది ఏప్రిల్ 6న. మొదటి సాక్షి వాంగ్మూలం కూడా అయిపోయాక ఆ కాగితం కోర్టు ఫైలుకు చేరింది. అమలాపురంలో పుట్టి, పసితనంలోనే పోలియో వల్ల కాళ్లు చచ్చుబడి, ఢిల్లీ దాకా వెళ్లి చక్రాల కుర్చీలోంచే ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఆ రెండు తేదీల మధ్య ఉన్న నెలన్నర ఎడం ఆయన అప్పీలుకు ఆయువుపట్టు అయింది.

ఒక కాగితం ఆలస్యమైతే ఇంత రాద్ధాంతమా అని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పాలంటే టాడా అనే పాత ఉగ్రవాద నిరోధక చట్టం రోజుల దాకా వెనక్కి వెళ్లాలి.

1987 నాటి టాడా చట్టంలో పోలీసు సూపరింటెండెంట్ స్థాయి అధికారి ముందు చెప్పిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లేది. బెయిలు దొరకడం గగనం. ఆ చట్టాన్ని ఎవరి మీద పడితే వాళ్ల మీద ప్రయోగిస్తున్నారని దేశమంతా గగ్గోలు పుట్టాక, 1993లో 20ఏ అనే సెక్షన్ చేర్చారు. జిల్లా ఎస్పీ ఆమోదం లేకుండా కేసు నమోదు చేయకూడదు, పై అధికారి అనుమతి లేకుండా కోర్టు విచారణకు తీసుకోకూడదు అని దాని సారాంశం. అసాధారణమైన అధికారం ఇచ్చిన చోట కనీసం ఇద్దరు బాధ్యత గల అధికారులు ఫైలు చదివి సంతకం పెట్టాలన్నది ఆలోచన. ఈ సంతకాన్ని సుప్రీంకోర్టు తేలిగ్గా తీసుకోలేదు. గుజరాత్ నుంచి వచ్చిన అష్రఫ్‌ఖాన్ కేసులో, ఎస్పీ ఆమోదం సరిగా లేదన్న కారణంతో 2012లో 11 మంది శిక్షలను కొట్టేసింది. అక్షర్‌ధామ్ దాడి కేసు, టాడా తర్వాత వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టమైన పోటా కిందిది. అందులో ముగ్గురికి ఉరిశిక్ష పడి, దాన్ని హైకోర్టు కూడా ఖాయం చేశాక, 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు బుర్ర పెట్టి చూడలేదన్నది అందులో చెప్పిన కారణాల్లో ఒకటి.

టాడాలో అప్పీలు దారి కూడా వేరు. ప్రత్యేక కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు వెళ్లే వీలు లేదు, నేరుగా సుప్రీంకోర్టుకే పోవాలి. పైకి ఇది వేగంగా కనిపిస్తుంది గానీ, వాంగ్మూలాలను మొదటిసారి ప్రశాంతంగా చదివే మధ్య మెట్టు ఒకటి పోయింది. రాజీవ్ గాంధీ హత్య కేసు ఆ దారినే వెళ్లింది. 1998 జనవరి 28న ప్రత్యేక కోర్టు 26 మందికి 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు వాళ్లలో 19 మందిని విడిచిపెట్టి, ముగ్గురి శిక్షను యావజ్జీవానికి తగ్గించి, నలుగురికే ఉరి ఉంచింది. అప్పీలు అనే మెట్టే లేకపోతే ఆ 19 మంది ఏమయ్యేవారో ఆలోచించండి.

అంత తేడా రావడానికి కారణం కుట్ర అనే నేరం స్వభావంలోనే ఉంది. కుట్రను ఒక ప్రత్యేక నేరంగా మన శిక్షాస్మృతిలోకి తెచ్చింది 1913లో, తెల్లదొరల పాలనలో. చాటుగా కుదిరిన ఒప్పందానికి ప్రత్యక్ష సాక్షి ఉండడు గనక, కలిసిన కలయికలు, రాసిన ఉత్తరాలు, చేతులు మారిన డబ్బుల నుంచి ఒప్పందాన్ని ఊహించాలి. పైగా సాక్ష్య చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కుట్ర ఉందని నమ్మే ఆధారం ఉంటే, ఒకరి మాట, ఒకరి చేత మిగతావాళ్ల మీద కూడా సాక్ష్యమవుతుంది. గొలుసులో ఒక్క లంకె వదులైతే మొత్తం జారిపోతుంది. ఆ లంకె వదులుగా ఉందో లేదో తీరిగ్గా లాగి చూసేది అప్పీలు కోర్టే. కుట్ర కేసులు ఎంతకాలం సాగుతాయో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1974లో మొదలైన సికింద్రాబాద్ కుట్ర కేసు 1989లో గానీ కొట్టివేతతో ముగియలేదు.

టాడా 1995లో గడువు తీరి పోయింది. 2002లో వచ్చిన పోటా 2004లో రద్దయింది. పోటాలోని ఉగ్రవాద నేరాలను మాత్రం అదే ఏడాది ఉపాలోకి ఎక్కించారు. ముంబై దాడుల తర్వాత, 2008 డిసెంబర్‌లో రెండు చట్టాలు ఒకే ఊపులో వచ్చాయి. ఒకటి జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చట్టం. రెండోది ఉపా సవరణ. బెయిలును దాదాపు అసాధ్యం చేసిన 43డి(5) ఈ సవరణలోదే. ఉగ్రవాదానికి నిధుల సేకరణను శిక్షించే 17వ సెక్షన్‌ను విస్తరించిందీ ఇదే. ఆ కాఠిన్యానికి విరుగుడుగా 45(2) చేర్చారు. ప్రభుత్వం అనుమతి ఇచ్చే ముందు ఒక స్వతంత్ర అధికారి సాక్ష్యాలన్నీ పరిశీలించి సిఫారసు చేయాలి. దానికి ఏడు పనిదినాలు, ఆపై ప్రభుత్వ నిర్ణయానికి మరో ఏడు పనిదినాలు అని నియమాలు పెట్టారు. బెయిలు తలుపు మూసిన చట్టమే తెరిచి ఉంచిన చిన్న కిటికీ ఇది. అందుకే దీన్ని సాంకేతిక అంశం అని తోసిపుచ్చడాన్ని నేను ఒప్పుకోలేను.

ఎన్‌ఐఏ చట్టం 21వ సెక్షన్ అప్పీలును తిరిగి హైకోర్టుకు, అదీ ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి అప్పగించింది. వాస్తవాల మీదా, చట్టం మీదా మొత్తం సాక్ష్యాన్ని మళ్లీ చదవాలి. 30 రోజుల్లో అప్పీలు వేయాలి, ఎంత కారణం ఉన్నా 90 రోజులు దాటకూడదు. ఈ 90 రోజుల గీత జైల్లో ఉన్న పేదవాడికి ఉరితాడు లాంటిది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చని బాంబే హైకోర్టు 2023 సెప్టెంబర్‌లో చెప్పాల్సి వచ్చింది. కోర్టుకు కూడా చట్టం ఒక గడువు పెట్టింది. అప్పీలును స్వీకరించాక వీలైనంతవరకు మూడు నెలల్లో తేల్చాలి. చట్టం అక్షరాల ప్రకారం నిందితుడికి పెట్టిన గడువు దాటితే తలుపు మూసుకుంటుంది. కోర్టుకు పెట్టిన గడువులో ‘వీలైనంతవరకు’ అన్న మాట ఉంది.

ఆ మాట ఎంత సాగుతుందో ఎన్‌ఐఏ మొట్టమొదటి కేసే చూపింది. అది నిధుల కేసు. 2009 ఏప్రిల్ 1న గువాహటిలో ఇద్దరు వ్యక్తులు కోటి రూపాయల నగదుతో, పిస్తోళ్లతో పట్టుబడ్డారు. అస్సాంలోని ఉత్తర కచార్ హిల్స్ స్వయంప్రతిపత్తి మండలి అభివృద్ధి నిధులు దారి మళ్లి, హవాలా ద్వారా డీహెచ్‌డీ(జే) అనే సాయుధ ముఠాకు ఆయుధాల కోసం చేరాయన్నది ఆరోపణ. 2017 మేలో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2023 ఆగస్టులో గువాహటి హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. నోట్లు దొరకడం ఒక ఎత్తు, అవి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ ఉద్దేశంతో పోయాయో చట్టబద్ధమైన సాక్ష్యంతో నిరూపించడం మరో ఎత్తు. ఆ తేడా తేలడానికి అప్పీలులోనే ఆరేళ్లు పట్టింది.

బాధితుల వైపు నుంచి చూసినా ఇదే గాయం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి 18 మంది చనిపోయారు. 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది 2025 ఏప్రిల్ 8న. శిక్ష నిలిచినా, కొట్టేసినా ఎనిమిదేళ్లు ఎనిమిదేళ్లే. ఆ బస్టాపుల దగ్గర తమవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు కూడా ఆ ఎనిమిదేళ్లూ ఎదురుచూశాయి.

సాయిబాబా దగ్గరికి వస్తే, 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు ఆయనతో పాటు మరో నలుగురికి యావజ్జీవం, ఒకరికి పదేళ్ల ఖైదు వేసింది. తీర్పు 827 పేజీలు. అప్పీలు బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనంలో పడింది. ఆయన నాగపూర్ జైలులోని అండా సెల్ అనే ఏకాంత గదిలో ఉన్నారు. 2020 ఆగస్టులో తల్లి చనిపోతే కడసారి చూపుకూ పెరోల్ దొరకలేదు. శిక్ష పడ్డవాళ్లలో ఒకరైన ఆదివాసీ యువకుడు 2022 ఆగస్టులో జైలు నిర్బంధంలోనే కన్నుమూశాడు. అతని అప్పీలు అప్పటికింకా తేలలేదు.

రెండు నెలలు కూడా తిరగకముందే, అక్టోబర్ 14న హైకోర్టు తీర్పు చెప్పింది. సాయిబాబా విషయంలో అనుమతి లేకుండానే విచారణ మొదలైంది, మిగతావాళ్ల విషయంలో ఇచ్చిన అనుమతి చెల్లదు, కాబట్టి అసలు విచారణే చెల్లదు అని. మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రోజే సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మర్నాడు శనివారం. సెలవు రోజైనా ప్రత్యేకంగా కూర్చున్న ధర్మాసనం ఆ తీర్పును నిలిపేసింది. హైకోర్టు సాక్ష్యాల జోలికి పోకుండా అనుమతి మీదే తేల్చిందని, అనుమతిలో లోపం ఉన్నంత మాత్రాన శిక్ష చెల్లకుండా పోతుందా అన్నది చూడాలని వాదన. 2023 ఏప్రిల్ 19న ఆ తీర్పును రద్దు చేసి, వేరే ధర్మాసనం మొదటి నుంచి వినాలని వెనక్కి పంపారు. అప్పీలు కోసం ఐదున్నరేళ్లు ఆగిన దేశంలో ఒక విడుదలను ఆపడానికి ఒక్క రోజు చాలింది. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ వేగమే.

కొత్త ధర్మాసనం ఈసారి అంతా చదివింది. 2024 మార్చి 5న అనుమతి చెల్లదని మళ్లీ తేల్చింది. అక్కడితో ఆగకుండా సాక్ష్యాల్లోకీ వెళ్లింది. యూనివర్సిటీ ఆవరణలోని ఇంట్లో సోదా చేస్తూ చదువురాని మనిషిని పంచ్ సాక్షిగా (సోదాను కళ్లారా చూసి సంతకం పెట్టే సాక్షిగా) పెట్టుకున్న తీరు నమ్మదగ్గదిగా లేదంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలబడదంది. ఇంటర్నెట్‌లో దొరికే నక్సల్ సాహిత్యాన్ని దింపుకోవడం ఒక్కటే నేరం కాదని, ఏదైనా హింసాత్మక సంఘటనతో సంబంధం చూపాలని చెప్పింది. మార్చి 7న సాయిబాబా బయటికి వచ్చారు. శిక్ష పడి ఆ రోజుకు సరిగ్గా ఏడేళ్లు. ప్రభుత్వం మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈసారి స్టే ఇవ్వలేదు.

అనుమతి గడువుల సంగతి మాత్రం ఇంకో కేసులో తేలింది. ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఫూలేశ్వర్ గోప్ కేసులో 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు, ఏడు, ఏడు రోజుల గడువులు తప్పనిసరే, వాటిని కచ్చితంగా పాటించాలి అని తీర్పు చెప్పింది. అనుమతిలో లోపం ఉంటే వీలైనంత మొదట్లోనే ప్రశ్నించాలని కూడా అంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ సి.టి. రవికుమార్, సాయిబాబా అప్పీలును వెనక్కి పంపిన 2023 ధర్మాసనంలోనూ ఉన్నారు. కొత్త తీర్పు ఇకముందు వచ్చే కేసులకే వర్తిస్తుంది. అది వచ్చిన 19 రోజులకు, అక్టోబర్ 12న, హైదరాబాద్ నిమ్స్‌లో సాయిబాబా కన్నుమూశారు. బయట గడిపింది ఏడు నెలలు.