రౌటర్‌లో ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్: అపోహలు - వాస్తవాలు

రౌటర్ కొనేటప్పుడు దానిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందని అడిగేవారు దాదాపు ఉండరు. నాలుగైదేళ్ళు గడిచి, కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేశాక, అదే డబ్బాలో కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి, కోడ్ అందరికీ తెరిచి ఉన్న ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చునట కదా అంటూ వస్తారు. ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్కులు పెట్టే పనిలో ఉన్నందువల్ల, ఆ ప్రశ్న వెంట వచ్చే అపోహలు నాకు కంఠతా వచ్చేశాయి. వాటిలో ఎక్కువ భాగం అవసరంలేని భయాలు, మిగిలినవి అవసరంలేని ఆశలు.

అపోహ: ఇది హ్యాకర్లు చేసే పని, చట్టం ఒప్పుకోదు.

ఈ ఫర్మ్‌వేర్ పుట్టిందే లైసెన్సు హక్కు మీద. లింక్‌సిస్ కంపెనీ 2002 డిసెంబరులో విడుదల చేసిన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందని 2003లో కొందరు ప్రోగ్రామర్లు గమనించారు. లైనక్స్ జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది కాబట్టి, దానిని వాడి వస్తువు అమ్మినవారు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఒత్తిడి పెరిగాక కంపెనీ ఇచ్చింది. ఆ కోడ్ ఆధారంగా 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరు చివరన ఉన్న డబ్ల్యూఆర్‌టీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఆ రౌటర్ పేరులోనివే. అదే ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు, సైట్‌కామ్ అనే మరో రౌటర్ కంపెనీ జీపీఎల్ షరతులు పాటించలేదంటూ దాని మీద నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల మీరు కొన్న రౌటర్‌లో మీకు నచ్చిన ఫర్మ్‌వేర్ వేసుకోవడం దొంగతనమేమీ కాదు. వారంటీ మాట వేరు: దానిని కంపెనీ తిరస్కరించే అవకాశం ఉంది కాబట్టి, గడువు ముగియని కొత్త రౌటర్ జోలికి వెళ్ళవద్దని నేను చెబుతాను.

అపోహ: మోడల్ నంబరు కలిస్తే చాలు.

నా దగ్గరకు వచ్చే చచ్చిన రౌటర్లలో ఎక్కువ ఈ నమ్మకం వల్ల చచ్చినవే. రౌటర్‌ను బోర్లించి చూస్తే లేబుల్ మీద మోడల్ పేరు పక్కన చిన్న అక్షరాలతో వెర్షన్ నంబరు ఉంటుంది. పేరు ఒకటే అయినా, వెర్షన్ మారితే లోపలి చిప్, ర్యామ్, ఫ్లాష్ మెమరీ (ఫర్మ్‌వేర్ నిలవుండే చోటు) అన్నీ మారిపోవచ్చు. పైన చెప్పిన డబ్ల్యూఆర్‌టీ54జీ విషయంలోనే ఇది జరిగింది: 2005లో వచ్చిన అయిదో వెర్షన్‌లో కంపెనీ లైనక్స్‌ను తీసేసి వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టి, మెమరీని సగానికి సగం తగ్గించింది. పాత పద్ధతి కావలసినవారి కోసం చివర ఎల్ అక్షరం చేర్చిన వేరే మోడల్‌ను అమ్మింది.

మన ఇళ్ళలో విరివిగా కనిపించే టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్841ఎన్ కథ ఇంకా విచిత్రం. దాని ఎనిమిది నుంచి పన్నెండు వరకు వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉంటాయి. పదమూడో వెర్షన్‌లో అవి 8కి, 64కి పెరిగాయి. పద్నాలుగో వెర్షన్‌లో మళ్ళీ 4కి, 32కి పడిపోయాయి. కొత్త నంబరు కదా, మంచిదే అయి ఉంటుందని కొన్నవారు మోసపోయినట్లే, ఎందుకంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 21.02 విడుదల నుంచి కనీసం 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉండాలి. ఆ కొలతకు తూగని రౌటర్‌లో పాత 19.07 విడుదల వేసుకోవడమంటే, అప్‌డేట్లు ఆగిపోయిన ఒక సాఫ్ట్‌వేర్‌ను తీసేసి అప్‌డేట్లు ఆగిపోయిన మరొక సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకోవడమే. ఇక బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్న రౌటర్లలో చాలావాటికి ఓపెన్ డ్రైవర్లు (చిప్‌ను నడిపే, కోడ్ తెరిచి ఉన్న ప్రోగ్రాములు) సరిగా లేవు. కొనేముందే మీడియాటెక్ చిప్ ఉన్న మోడల్ చూసుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

ఫైలు ఎంచుకోవడంలోనూ ఒక తిరకాసు ఉంది. కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారేటప్పుడు చాలా మోడళ్ళకు పేరులో ఫ్యాక్టరీ అని ఉన్న ఫైలు కావాలి. అప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడుస్తున్న రౌటర్‌ను నవీకరించడానికి సిస్‌అప్‌గ్రేడ్ ఫైలు కావాలి. దించుకున్న ఫైలు షా256 సంఖ్య (ఫైలు మారలేదని, చెడిపోలేదని తేల్చే గుర్తు) సరిచూసుకుని, వైఫై మీద కాకుండా ల్యాన్ కేబుల్ మీదే ఎక్కించాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేసవిలో నేను రౌటర్‌నూ ల్యాప్‌టాప్‌నూ ఇన్వర్టర్ మీద పెట్టాకే ఆ బటన్ నొక్కుతాను.

అపోహ: మధ్యలో తప్పు జరిగితే రౌటర్ ఇక చెత్తబుట్టకే.

కొన్నేళ్ళ క్రితం ఒక బంధువు ఇంట్లోని 841ఎన్ తొమ్మిదో వెర్షన్‌ను తిరిగి కంపెనీ ఫర్మ్‌వేర్‌కు మార్చబోయి, పేరులో బూట్ అన్న మాట ఉన్న ఫైలును, తెర మీద వచ్చిన హెచ్చరికను లెక్కచేయకుండా ఎక్కించాను. అటువంటి ఫైలు మొదట్లో బూట్‌లోడర్ (స్విచ్ వేయగానే ముందు నడిచి ఫర్మ్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) భాగం కలిసి ఉంటుంది; దానిని కత్తిరించకుండా ఎక్కిస్తే ఫర్మ్‌వేర్ ఉండవలసిన చోట ఉండదు. లైట్లు వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం తప్ప ఇంకేమీ లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అత్తయ్య అననే అన్నారు.

అయితే రౌటర్‌లోని అసలు బూట్‌లోడర్ చెక్కుచెదరలేదు, కాబట్టి టీఎఫ్‌టీపీ పద్ధతి (కేబుల్ మీదుగా బూట్‌లోడర్‌కు నేరుగా ఫైలు అందించడం) పనిచేసింది. ల్యాప్‌టాప్‌కు 192.168.0.66 అనే స్థిర ఐపీ ఇచ్చి, టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, ఫైలు మొదటి 1,31,584 బైట్లు కత్తిరించి, దానికి ఆ మోడల్, వెర్షన్, రికవరీ అన్న మాట కలిసిన నిర్ణీతమైన పేరు పెట్టాను. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రౌటర్ ఆ ఫైలు వైపు చూడదు. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేసి, తాళం గుర్తున్న లైటు వెలిగే వరకు వేలు తీయకుండా ఉంచితే, రౌటర్ తానే ఫైలును లాక్కుని రెండు మూడు నిమిషాల్లో లేచింది. అన్ని రౌటర్లలోనూ ఈ సౌకర్యం ఇదే విధంగా ఉండదు. కొన్నింటిని విప్పి, బోర్డు మీది సీరియల్ పిన్నులకు తీగలు కలపవలసి వస్తుంది. మీ మోడల్‌కు రికవరీ దారి ఏమిటో కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించకముందే చదివి పెట్టుకోండి. ఉన్న ఒక్క ఇంటర్నెట్టూ పోయాక చదవడం కుదరదు.

అపోహ: ఇంటర్నెట్ వేగం పెరుగుతుంది.

ప్లాన్‌లో ఉన్న వేగం కంటే ఒక్క ఎంబీపీఎస్ కూడా ఎక్కువ రాదు. కొన్ని రౌటర్లలో తగ్గుతుంది కూడా. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ప్యాకెట్లను ప్రాసెసర్‌కు భారం లేకుండా చిప్‌లోనే దాటించే, కోడ్ బయటపెట్టని డ్రైవర్లు ఉంటాయి, అవి ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో అన్ని చిప్‌లకూ దొరకవు. ఆర్చర్ సీ7 వంటి ఒకే కోర్ ఉన్న పాత రౌటర్ గిగాబిట్ లైన్ మీద ఈ కారణంగానే చతికిలపడుతుంది.

నిజంగా బాగుపడేది ఆలస్యం. ఇంట్లో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తుంటే, మరొకరి వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వినిపించడానికి కారణం రౌటర్‌లోనో మోడెమ్‌లోనో ప్యాకెట్లు పొడవైన వరుసలో పేరుకుపోవడమే. దీనినే బఫర్‌బ్లోట్ అంటారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఈ వరుసను సరిదిద్దే ఎస్‌క్యూఎం ప్యాకేజీలో కేక్ అనే పద్ధతిని ఎంచుకుని, లైన్ వేగంలో సుమారు 90 శాతాన్ని పరిమితిగా పెడితే ఆ వరుస మీ రౌటర్ అదుపులోకి వస్తుంది. పదోవంతు వేగం వదులుకోమంటే మొదట అందరూ మొహం చిట్లిస్తారు, అమెరికాలోని పిల్లలతో ఒక కాల్ మాట్లాడాక ఎవరూ పాత అమరికకు తిరిగి వెళ్ళలేదు. ఈ పనికి ప్రాసెసర్ బలం కావాలి. ఆ సీ7 అయితే 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు దీనిని మోయలేదు.

అపోహ: సిగ్నల్ పవర్ ఎంతైనా పెంచుకోవచ్చు.

రౌటర్ గట్టిగా అరిస్తే ఫోనుకు వినబడుతుంది గానీ, ఫోను గొంతు పెరగదు కదా, దాని జవాబు రౌటర్‌కు చేరవద్దా? పైగా మన దేశంలో లైసెన్సు అవసరం లేకుండా వదిలిన వైఫై బ్యాండ్లలోనూ పవర్‌కు చట్టబద్ధమైన పరిమితి ఉంది. దేశం కోడ్ భారత్ అనే పెట్టండి.

అపోహ: ఓపెన్ సోర్స్ కనుక భద్రతకు ఢోకా లేదు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ప్యాకేజీలు (అదనపు ప్రోగ్రాములు) ఎక్కించడానికి అప్పట్లో వాడిన ఓపీకేజీ ప్రోగ్రామ్‌లో 2017 ఫిబ్రవరిలో చొరబడిన ఒక లోపం వల్ల, దించుకున్న ప్యాకేజీల చెక్‌సమ్ (షా256 వంటి సరిచూపు సంఖ్య) సరిచూడటం జరగకుండా పోయింది. 2020 మొదట్లో గాని దానిని సరిచేయలేదు. 2024 డిసెంబరులో ఫర్మ్‌వేర్ తయారుచేసిచ్చే సర్వర్‌లో మరో లోపం బయటపడినప్పుడు కొన్ని గంటల్లోనే సరిదిద్దారు. లోపాలు బహిరంగంగా చెప్పడం, దిద్దడం ఇక్కడి బలం. కానీ దిద్దిన ఫర్మ్‌వేర్ దానంతటది మీ రౌటర్‌లోకి రాదు, మీరే ఎక్కించుకోవాలి. ఏడాదికి రెండు మూడుసార్లు ఆ పని చేసే ఓపిక లేనివారికి నేను ఈ దారి సూచించను.

అపోహ: ఎక్కించాక వైఫై రాలేదు, అంటే చెడిపోయింది.

రాత్రి పదింటికి వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదటిసారి లేచేటప్పుడు సాధారణంగా వైఫై ఆపి ఉంటుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ను గాలిలోకి వదలడం దానికి ఇష్టం ఉండదు. కేబుల్ పెట్టి, బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, రూట్ పేరుతో పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళి, ముందు పాస్‌వర్డ్ పెట్టాలి. తర్వాత వైర్‌లెస్ పేజీలో ఎన్‌క్రిప్షన్ ఎంచుకుని రేడియోను ఆన్ చేయాలి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే డబ్బా) కూడా అదే 192.168.1.1 వాడుతుంటే రెండూ ఢీకొంటాయి, అప్పుడు మీ రౌటర్ చిరునామాను 192.168.2.1కి మార్చాక గాని ఇంటర్నెట్ రాదు.