డీపీఐ పెంచినంత మాత్రాన స్కాన్ కొలత సరికాదు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో స్కానర్ల సర్వీసు చేసే నాకు పదే పదే వినిపించే మాట, “కొలత తేడాగా వస్తోంది, డీపీఐ పెంచి మళ్ళీ తీయండి” అనేది. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెంచితే గీత స్పష్టంగా కనిపిస్తుందే గాని దాని పొడవు మారదు. కాగితాన్ని లోపలికి లాగే స్కానర్లలో వెడల్పు సెన్సారును బట్టి, పొడవు రోలరును బట్టి వస్తాయి. 20 మి.మీ. వ్యాసం ఉండవలసిన రోలరు తయారీలో 0.1 మి.మీ. లావుగా వచ్చిందంటే, పెద్ద చక్రాల బండిలాగా ఒక్కో చుట్టుకు కాగితాన్ని అర శాతం ఎక్కువ దూరం జరుపుతుంది. దానితో బొమ్మ నిలువున అంతమేర కుదించుకుపోతుంది. 300 డీపీఐలోనైనా 600లోనైనా ఆ అర శాతం అలాగే ఉంటుంది.

ఏ4 కాగితం పొడవున అది దాదాపు ఒకటిన్నర మి.మీ. మార్కుల జాబితాలో ఎవరి కంటికీ ఆనదు గాని, 1:2000 స్కేలులో గీసిన పొలం పటంలో అదే మూడు మీటర్లవుతుంది. ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) స్కాన్ ప్రింటు మీద స్కేలు పెట్టి కొలిచి, పక్క పొలం వాళ్ళు పటాన్నే మార్పించారని బెంగపెట్టుకున్నారు. గీతల పక్కన రాసి ఉన్న అంకెలు చూపించి, చూడవలసింది వాటినేనని చెప్పాక కుదుటపడ్డారు. ఆయన భయంలో తప్పు లేదు. “కంప్యూటర్లో ఎక్కించేటప్పుడే భూమి తగ్గించేశారు” అని ఊరంతా చాటే వాళ్ళతోనే నాకు విసుగు.

సరిదిద్దడం కష్టమేమీ కాదు. ఒక కాగితం మీద నిలువుగా, అడ్డంగా గీతలు గీసి, వాటి పొడవును స్టీలు స్కేలుతో కొలిచి స్కాన్ చేయాలి. ప్రింటు తీసిన గీతను కొలవకుండా నమ్మరాదు, ప్రింటరుకూ దాని తేడా దానికి ఉంటుంది. 250 మి.మీ. గీత 300 డీపీఐలో 2953 పిక్సెళ్ళు రావాలి; 2938 వస్తే అర శాతం తక్కువైనట్టు. చాలా స్కానర్ల సెట్టింగుల్లో నిలువు మాగ్నిఫికేషనును విడిగా శాతాల్లో పెంచే వీలుంటుంది. వెడల్పు సరిగ్గా ఉంటే దాని జోలికి పోకూడదు.

తెల్ల కాలిబ్రేషన్ షీటు వేశామంటారు, అది వెలుతురు హెచ్చుతగ్గులకే. ఆటో డెస్క్యూ ఒరిగిన పేజీని తిప్పుతుంది, అంతే. సెన్సారు ఏటవాలుగా బిగిసి చతురస్రం పక్కకు వాలితే దాన్ని నిలబెట్టలేదు. ఇక రోలరు గుండ్రంగా లేకపోతే సుమారు ప్రతి 63 మి.మీ.కు ఒకసారి బొమ్మ సాగి ముడుచుకుంటుంది. సెట్టింగుల్లో ఎంత శాతం పెట్టినా అది సరికాదు కాబట్టి రోలరు మార్చవలసిందే.