గీతలు నిండుగానే ఉన్నాయి, నెట్ మాత్రం రాదు: ఇంటి వైఫై మీద అపోహలు – వాస్తవాలు

ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిపోతే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. దారి రెండు ముక్కలు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా గాలిలో మొదటిది, రూటర్ నుంచి వీధి స్తంభాల మీదుగా కంపెనీ దాకా తీగలో రెండోది. ఏ ముక్క తెగిందో తెలియకుండా ఏ బటన్ నొక్కినా, బాగున్నది కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. అటు అమలాపురంలోనైనా ఇటు భీమవరంలోనైనా ఇళ్లలో వినపడే మాటలు దాదాపు ఇవే.

అపోహ: గీతలు ఫుల్లుగా ఉన్నాయి, అంటే నెట్ ఉన్నట్టే.

వాస్తవం: ఆ గీతలు చెప్పేది మొదటి ముక్క గురించే. బయట స్తంభం దగ్గర ఫైబర్ (నెట్‌ను వెలుతురుగా మోసే గాజు తీగ) తెగినా గీతలు తగ్గవు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ చేయండి. తెరుచుకున్న నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఖాళీ లేకుండా ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా 192.168.1.1 లాంటి నంబరు కనిపిస్తుంది. అదే మీ రూటర్. పింగ్ (ping) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ నంబరు వేయండి. నాలుగు జవాబులూ 1 నుంచి 10 మిల్లీసెకన్ల లోపు వస్తే గాలి ముక్క బాగానే ఉంది. ఒకటి 3, ఇంకోటి 300, మధ్యలో టైమ్డ్ అవుట్ అని వస్తుంటే లోపం ఇంట్లోనే.

తర్వాత 8.8.8.8కి పింగ్ చేయండి, అది బయట ఉన్న గూగుల్ సర్వర్ నంబరు. రూటర్ పలికి ఇది పలకకపోతే తప్పు బయటి ముక్కలో ఉండొచ్చు. ఇదీ పలికి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, డీఎన్‌ఎస్ (సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే సర్వర్) చోట 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ తేదీ కూడా ఓసారి చూసుకోండి. చాన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టిన వాటిలో తేదీ వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు బ్యాంకు సైటుతో సహా అన్నీ సురక్షితం కాదని ఆపేస్తాయి.

ఐపీకాన్ఫిగ్‌లో కనిపించే మీ ఐపీ, అంటే ల్యాప్‌టాప్ నంబరు, 169.254తో మొదలైతే రూటర్ మీకు నంబరే ఇవ్వలేదన్నమాట. వైఫై పేరును ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. ఇంట్లో మిగతా పరికరాలకు నంబరు వచ్చి ఈ ల్యాప్‌టాప్‌కే రాకపోతే పాత డ్రైవర్‌ను, అంటే వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అనుమానించాలి. నంబరు మామూలుగానే కనిపిస్తూ రూటర్ మాత్రం పలకకపోతే ల్యాప్‌టాప్‌లో ఐపీవీ4 సెట్టింగులు (ఐపీ నంబరు పెట్టే చోటు) తెరవండి. ఆఫీసు కోసం చేత్తో పెట్టిన పాత నంబరు అక్కడ ఉండిపోయి ఉండొచ్చు. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చండి.

అపోహ: వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చితే రూటర్ బాగవుతుంది.

వాస్తవం: దయచేసి గుచ్చకండి. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. కంపెనీ వాళ్లు అందులో ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఇతర సెట్టింగులు చాలా రూటర్లలో తుడిచిపెట్టుకుపోతాయి. మనిషి వచ్చి మళ్లీ ఎక్కించేదాకా నెట్ ఉండదు. రీస్టార్ట్ అంటే స్విచ్ ఆపి, 30 సెకన్లు ఆగి, మళ్లీ వేసి 3 నిమిషాలు ఓపిక పట్టడం.

ఆ లోగా లైట్లు చూడండి. పాన్ (PON) అని రాసి ఉన్నది నిలకడగా వెలగాలి. లాస్ (LOS) అన్నది ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లోని వెలుతురు మీ పెట్టెదాకా రావట్లేదు. టీవీ స్టాండు వెనక చెయ్యి పెట్టి సన్నని ఫైబర్ తీగను తడమండి. మడత పడిందేమో, బల్ల కాలి కింద నలిగిందేమో తెలుస్తుంది. టీ గ్లాసు మూతి కంటే చిన్న చుట్ట చుట్టకూడదు. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య నుంచి లాగిన తీగను ఉడతలు కొరకడమూ ఉంది. పచ్చ కనెక్టర్ ఊడదీసి కంటికెదురుగా పెట్టుకోవద్దు, అందులోని లేజర్ కంటికి కనిపించదు.

అపోహ: పేరు చివర 5జీ ఉంటే అది 5జీ నెట్.

వాస్తవం: కాదు, 5 గిగాహెర్ట్జ్ అనే వైఫై తరంగాల బ్యాండు. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. మూరెడు మందం గోడల మండువా లోగిళ్లలో ముందు వసారాలో పెట్టిన రూటర్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వెనక వంటగదికి అందదు, అక్కడ రూటర్ ఇచ్చే రెండో బ్యాండు 2.4 గిగాహెర్ట్జ్ పట్టుకోవాలి. రూటర్ సెట్టింగుల్లో 2.4కి ఛానెల్ 1, 6, 11 లలో ఒకటి పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. రూటర్‌ను ఇనప బీరువా పక్కనా, రేకుల కిందా పెట్టకండి. పాత ల్యాప్‌టాప్‌కి పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే రూటర్‌లో సెక్యూరిటీని డబ్ల్యుపీఏ2 అనే పాత రకానికి మార్చి చూడండి, కొన్నిటికి కొత్తదైన డబ్ల్యుపీఏ3 రాదు.

అపోహ: ఫోనులో వస్తోంది, అంటే ల్యాప్‌టాప్ పోయింది.

వాస్తవం: వైఫైలో నెట్ లేకపోతే చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. మొబైల్ డేటా ఆపి చూశాకే మాట్లాడుకోవాలి. నిజంగా ల్యాప్‌టాప్‌దే అయితే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపేయవచ్చన్న టిక్కు తీసేయండి. ఆ ట్యాబ్ కొన్నిటిలో ఉండదు. కాసేపు వదిలేస్తే తెగిపోయే జబ్బు చాలాసార్లు ఇక్కడే కుదురుతుంది.

రూటర్ పక్కన కూర్చుంటే వచ్చి, పక్కగదిలోకి వెళ్తే పోతే లోపలి యాంటెన్నా తీగలు చూడాలి. కార్డు మీద మినపగింజ కంటే చిన్న గుండీలకు సాధారణంగా ఒక నల్ల తీగ, ఒక తెల్ల తీగ బిగించి ఉంటాయి. మూత బిజాగిరీ బాగుచేయించినప్పుడు అవి ఊడిపోవడం కద్దు. పదే పదే పీకి పెడితే ఆ గుండీ వదులైపోతుంది.

అపోహ: పిన్ను పడితే ఏ అడాప్టరైనా చాలు.

వాస్తవం: రూటర్ అడుగున 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతో అంతకంటే ఎక్కువో ఉండాలి, ప్లస్ మైనస్ గుర్తులు కలవాలి. ఆంపియర్లు తక్కువైతే లైట్లన్నీ వెలుగుతాయి గానీ, ఇద్దరు ముగ్గురు వాడగానే రూటర్ తనంతట తనే ఆగి మొదలవుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పిన్నుకు పచ్చగా చిలుము పడుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. మబ్బు పట్టగానే అడాప్టర్, ల్యాన్ తీగ (రూటర్‌ను కంప్యూటర్‌కు కలిపే తీగ) రెండూ పీకేయండి. ఉరుములు దగ్గరికొచ్చాక మాత్రం తీగలు ముట్టుకోవద్దు.

అపోహ: రిపీటర్‌ను (సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టెను) సిగ్నల్ రాని గదిలో పెట్టాలి.

వాస్తవం: తనకే అందనిది అది ముందుకు ఎలా పంపుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న సగం దూరంలో పెట్టాలి. ఒకే బ్యాండు రిపీటర్ అయితే వేగం సగానికి పడుతుంది. మేడ మీదికైతే క్యాట్6 ల్యాన్ తీగ లాగి దాని చివర యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి, తీగ 100 మీటర్ల దాకా పనికొస్తుంది. పెరటి షెడ్డుకో చెరువు గట్టు మకాంకో అయితే ఆరుబయట రాగి తీగ వద్దు, పిడుగు పోటు దాని వెంట రెండు వైపులా పరికరాలను కాల్చేస్తుంది. లోహపు తీగ లేని ఫైబర్ లాగి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను ల్యాన్ తీగకు కలిపే పెట్టెలు) పెట్టించండి.